ఢిల్లీ గాలి నెత్తిన పడ్డ దగ్గు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను పెంచి చెబుతాను. చినుకు పడితే తుపాను అంటాను, తుపాను వస్తే ఏమనాలో తెలియక ఊరుకుంటాను. మా ఆవిడ నేను చెప్పే ఏ సంగతినైనా మూడుతో భాగించి నమ్ముతుంది. మా అమ్మాయి ఆ భాగహారం కూడా చెయ్యదు, "డాడీ, ప్లీజ్" అని చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుంటుంది. జీవితంలో నేను పెంచకుండా వదిలింది ఒక్కటే, మందు మోతాదు. అది పెంచితే నవ్వడానికి ఎవరూ మిగలరు.

సరోజినీ నగర్ పక్కన, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్ల మధ్య ఉన్న ఒక డిస్పెన్సరీలో పాతికేళ్ళు డాక్టరుగా కూర్చున్నాను. యాభై నాలుగో ఏట స్వచ్ఛందంగా లేచాను. ఇప్పుడు నోయిడాలో ఒక సొసైటీ పధ్నాలుగో అంతస్తులో కాపురం. విరమణ అనేది కాగితం మీదే. లిఫ్టు కిందికి దిగేలోపు ఒకరు బీపీ ఎంతుందో చెబుతారు, ఒకరు నాలుక చాపుతారు, ఎవరి కుక్కకో దురద అని ఇంకొకరు అడుగుతారు.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరబోతున్న పిల్లలు ఇద్దరు వచ్చి, "సార్, డిస్పెన్సరీలో పనేముంటుంది, పెద్దాసుపత్రికి చీటీ రాయడమేగా?" అని అడిగారు. కోపం రాలేదు. చేరినప్పుడు నేనూ అదే అనుకున్నాను. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. రాయాలంటే ముందు అవి వచ్చి ఉండాలి కదా.

అసలు పని

గుండెకు స్టెంటు వేసే డాక్టరుకి అరగంట పని. బయటికి రాగానే బంధువులు దండం పెడతారు. ఆ తర్వాత ఆ మనిషి చేత పదేళ్ళో ఇరవయ్యేళ్ళో రోజూ మాత్రలు మింగించేవాడికి ఎవరూ దండం పెట్టరు. "మందులిచ్చే కిటికీ దగ్గర లైన్ ఎక్కువగా ఉంది, మీరేం చేస్తున్నారు?" అని అడుగుతారు. ఆ రెండోవాడే డిస్పెన్సరీ డాక్టరు.

మాత్రలు మింగించడం అంటే తేలిక అనుకోకండి. ప్రతి మంచి మాత్రకీ ఒక చెడ్డ అలవాటు ఉంటుంది. మనుషుల్లాగే. ఆ అలవాటు గురించి రోగి భార్యకు చెబుతాడు, మెట్రోలో పక్కనున్న వాడికి చెబుతాడు, కూరగాయల బండి భయ్యాకి చెబుతాడు, డాక్టరుకు మాత్రం చెప్పడు. చెప్పకుండా మానేస్తాడు.

నోయిడా నుంచి ఆఫీసు కారులో వచ్చే ఒక అండర్ సెక్రటరీ గారికి, ఒంట్లో నీరు చేరకుండా నీళ్ళ మాత్ర ఇచ్చాను. పొద్దున్నే వేసుకుని కారెక్కేవారు. దారిలో ఉన్న ప్రతి పెట్రోలు బంకులోనూ ఆయన్ని పేరు పెట్టి పలకరించేవారట. వారం తిరక్కుండా మానేశారు. కాళ్ళు పొంగి, బూట్లు పట్టక, హవాయి చెప్పుల్లో మంత్రిత్వశాఖకు వెళ్ళాల్సి వచ్చినప్పుడు నా దగ్గరికొచ్చారు. "ఆఫీసుకి చేరాక వేసుకోండి సార్" అన్నాను. అంతే వైద్యం. ఆ ఒక్క ముక్క ముందు చెప్పి ఉంటే బంకుల వాళ్ళకు ఆయన పేరు తెలిసేది కాదు.

భాటియా సాబ్ సిద్ధాంతం

నా పై అధికారి డాక్టర్ భాటియా. ఈ పేరు నేను పెట్టిందే, మనిషి మాత్రం నిజం. నా గది పైకప్పు కారుతుందని ఆయన గదిలోనే నాకొక బల్ల వేశారు. తాత్కాలికం అన్నారు. నేను రిటైరయ్యేదాకా తాత్కాలికంగానే ఉంది. ఆయన ఒళ్ళో ఎప్పుడూ ఒక హిందీ పేపరు. అది విప్పి పట్టుకుంటే మనిషి నడుం నుంచి నడినెత్తి దాకా కనబడరు. పేపరు కింద నుంచి రెండు బూట్లు మాత్రం ప్రభుత్వం తరఫున హాజరుగా ఉండేవి.

ఆయనకు రెండు సిద్ధాంతాలు. మొదటిది, "బతావోగే తో హోగా." దుష్ప్రభావం గురించి రోగికి చెబితే, అది వచ్చి తీరుతుంది కాబట్టి చెప్పకు అని. రెండోది, దీపావళి నుంచి హోలీ దాకా ఢిల్లీలో ఏ దగ్గయినా పొల్యూషనే. స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకోకముందే కిటికీలోంచి బయటికి చూసి రోగం తేల్చేవారు. బయట బూడిద రంగు, లోపల దగ్గు, ఇంకేం కావాలి?

మొదటి సిద్ధాంతాన్ని నేను చాలాకాలం వెక్కిరించాను. తర్వాత ఒకాయనకు కొలెస్టరాల్ మాత్ర రాస్తూ "కొందరికి ఒళ్ళునొప్పులు రావచ్చు" అన్నాను. ఆయన ఇంకా మందుల కిటికీ దగ్గరికి కూడా వెళ్ళలేదు, కుర్చీలోంచి లేస్తూనే నడుం పట్టుకుని "అబ్బా" అన్నారు. పేపరు వెనక నుంచి చిన్న నవ్వు వినిపించింది. కాబట్టి భాటియా సాబ్ పూర్తిగా తప్పని నేను అనను. సగం ఒప్పు. మా ఉద్యోగంలో సగం ఒప్పు ఎంత ప్రమాదమో చెప్పడానికే ఈ కథ.

భాస్కరరావు గారి గుండె

భాస్కరరావు గారిది రాజమండ్రి. ఒక మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు. వయసు నాకంటే రెండు మూడేళ్ళు ఎక్కువ. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఆఫీసులోనే గుండె నొప్పి వచ్చింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి స్టెంటు వేశారు. వేసిన డాక్టరు ఆయన భార్య వసంత గారిని పిలిచి గట్టిగా చెప్పారట. "ఈ మాత్రల్లో ఒకటి స్టెంటు లోపల రక్తం గడ్డ కట్టకుండా చూస్తుంది. ఏడాది పాటు ఒక్క పూట కూడా మానకూడదు. మానితే స్టెంటు ఉన్నట్టుండి మూసుకుపోవచ్చు. అప్పుడు మనిషి మనకు దక్కకపోవచ్చు."

వసంత గారు ఆ మాట విని, ఆ రోజు నుంచి మాత్రల బాధ్యత తనే తీసుకున్నారు. ఆయన మింగేదాకా ఎదురుగా నిలబడేవారు. మింగాక నోరు తెరిపించి చూసేవారు. నాలుక పైకెత్తించి కూడా చూసేవారని ఆయన ఫిర్యాదు.

మందుల పేర్లు మాత్రం ఆవిడకు పట్టుబడలేదు. ఎవరికి పట్టుబడతాయి? అందుకని అందరిలాగే రంగులు పెట్టుకున్నారు. గులాబీ మాత్ర బీపీకి, గుండె కండరానికి. తెల్ల మాత్ర స్టెంటుకి. బుల్లిది ఆస్పిరిన్. రాత్రి వేసుకునేది కొలెస్టరాల్‌ది. మా డిస్పెన్సరీలో అందరిదీ ఈ భాషే. "డాక్టర్ సాబ్, వో పీలీ వాలీ ఖతమ్ హో గయీ" అంటే, ఆ పచ్చమాత్ర అయిపోయిందని, మాకూ అర్థమైపోయేది.

మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు భాస్కరరావు గారి గడ్డం మీద పేపరు ముక్కలు అంటించి ఉన్నాయి. ఒకటి రెండు కాదు. ఆ మొహం మీద ఆనాటి ప్రధాన వార్తలన్నీ చదువుకోవచ్చు.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"గడ్డం గీసుకున్నానండి. కాస్త గీరుకుంటే చాలు, నెత్తురు ఆగట్లేదు. కొళాయి విప్పినట్టే."

రక్తం గడ్డకట్టకుండా రెండు మాత్రలు వేసుకుంటున్నప్పుడు అది మామూలేనని, తారులా నల్లటి విరేచనాలో, ముక్కులోంచి ఆగని నెత్తురో వస్తే మాత్రం పరిగెత్తుకు రావాలని చెప్పాను. భాటియా సాబ్ పేపరు కొంచెం దించి, "బతా దియా?" అన్నారు నాతో, చెప్పేశావా అన్నట్టు జాలిగా చూసి మళ్ళీ ఎత్తారు.

దగ్గు

దీపావళి నాటికి దగ్గు మొదలైంది. పొడిదగ్గు. గొంతులో ఈకతో గోకినట్టు ఉంటుందిట, కఫం లేదు, జ్వరం లేదు. ఆయన డిస్పెన్సరీ గేటు దగ్గర దగ్గితే లోపల టోకెన్ తీసుకున్నవాళ్ళు భయపడి లేచి నిలబడేవారు. కిటికీ అద్దాలు గడగడలాడేవి. (మూడుతో భాగించండి.)

ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. భాటియా సాబ్ కిటికీలోంచి బయటికి చూశారు. "పొల్యూషన్ హై జీ. మాస్క్ లగాయియే, గుడ్ ఖాయియే." మాస్కు పెట్టుకో, బెల్లం తిను. ఢిల్లీలో బెల్లానికి ఊపిరితిత్తుల శాఖ అదనపు బాధ్యతగా ఇచ్చారు.

ఇక ఆ కుటుంబం దగ్గు మీద యుద్ధం ప్రకటించింది. గాలిని శుభ్రం చేసే యంత్రం కొన్నారు, మా ఇంటి బీరువా అంత ఉంటుంది. దాని ఎర్రలైటు వెలిగితే ఇంట్లో ఎవరూ తలుపు తెరవకూడదు. కుంపటి కాదు కదా, పోపు కూడా వెయ్యకూడదని భాస్కరరావు గారు నిషేధం పెట్టారు. వసంత గారు పోపు లేని పప్పు కొన్ని రోజులు ఓర్చుకుని, తర్వాత బాల్కనీలోకి స్టవ్వు మార్చి పోపు వేశారు. కిటికీల ముందు మనీప్లాంట్లు పెట్టారు. అయినా దగ్గు ఆగలేదు.

వాళ్ళమ్మాయి శ్రావ్య గ్రేటర్ నోయిడాలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది. "డాడీ, మా ఫ్లాట్ ట్వెంటీ సెకండ్ ఫ్లోర్, ఊపర్ హవా సాఫ్ హై" అని తీసుకెళ్ళింది. పైన గాలి శుభ్రంగా ఉందో లేదో తెలియదు, ఎందుకంటే పొగమంచులో ఏమీ కనబడలేదు. దగ్గు మాత్రం లిఫ్టెక్కి పైకి వచ్చేసింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నవంబరులో ఢిల్లీలో దగ్గని మనిషి కనబడితే అనుమానించాలి. నేను దగ్గుతున్నాను, భాటియా సాబ్ దగ్గుతున్నారు, మందుల కిటికీ వెనక ఉన్నాయన దగ్గుతూనే మందులిచ్చేవాడు. అందరి దగ్గుల మధ్య ఒక దగ్గు వేరని కనిపెట్టడం, సంతలో ఒకరి ఫోను మోగితే అది ఎవరిదో చెప్పడం లాంటిది.

తర్వాత ఆయన మేనల్లుడి పెళ్ళికని రాజమండ్రి వెళ్ళారు. తిరిగొచ్చి, భార్యతో సహా నా ఎదుట కూర్చున్నారు.

"డాక్టరు గారూ, గోదావరి గట్టు మీద నిలబడి కూడా దగ్గానండి. అక్కడ గాలికి ఏం రోగం? ఈ ఢిల్లీ పొల్యూషన్ నాతోపాటు టిక్కెట్టు లేకుండా రైలెక్కింది."

"ముహూర్తం టైముకి పంతులు గారు మంత్రం ఆపేశారు అన్నయ్య గారూ" అన్నారు వసంత గారు. "ఈయన దగ్గు ఆగాక తాళి కట్టించారు. మా ఆడపడుచు ఇప్పటికీ మాట్లాడట్లేదు."

"ఉద్యోగానికి వీఆర్ఎస్ పెట్టేసి ఢిల్లీ వదిలేద్దామనుకుంటున్నానండి" అన్నారాయన.

గోదావరి గట్టు మీద పొగమంచు లేదు. మరి ఆయనతోపాటు ఢిల్లీ నుంచి రాజమండ్రి దాకా వెళ్ళింది ఏమిటి? భార్య, సూట్‌కేసు, మాత్రల డబ్బా. భార్యను అనుమానించే ధైర్యం నాకు లేదు. మాత్రల డబ్బా వైపు చూశాను.

ఆ గులాబీ మాత్ర పేరు రామిప్రిల్. చాలా మంచి మందు. గుండెపోటు తర్వాత గుండె కండరాన్ని కాపాడుతుంది. కానీ కొందరికి ఇలాంటి పొడిదగ్గు తెప్పిస్తుంది. కొందరికి మొదలుపెట్టిన రోజుల్లోనే, కొందరికి నెలల తర్వాత. దానికి సిరప్పులు పనిచెయ్యవు, బెల్లం పనిచెయ్యదు, ఇరవై రెండో అంతస్తు పనిచెయ్యదు. ఆ మందు మార్చాలి, అంతే.

"వీఆర్ఎస్ పెట్టకండి" అన్నాను. "దగ్గేది మీరు కాదు, ఆ మాత్ర. ఆ గులాబీది ఆపేస్తున్నాను. దాని బదులు దగ్గు తెప్పించని వేరే రకం, టెల్మిసార్టన్ అని, రాస్తున్నాను. దగ్గు రేపే పోదు, మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. మిగతావన్నీ యథాప్రకారం."

"గులాబీది ఆపెయ్యాలి" అని వసంత గారు రెండుసార్లు అనుకున్నారు. నేను సంతోషంగా తలూపాను. పేపరు వెనక నుంచి భాటియా సాబ్ కొంచెం చిరాగ్గా దగ్గారు. అది పొల్యూషనే.

పూతరేకులు

కొన్ని వారాల తర్వాత ముగ్గురూ వచ్చారు. శ్రావ్య చేతిలో పూతరేకుల డబ్బా. భాస్కరరావు గారు గుమ్మంలో నిలబడి గుండెల నిండా గాలి పీల్చి, వదిలి, ఆగి, చుట్టూ చూశారు. దగ్గలేదు. పరీక్ష పాసైన పిల్లాడి మొహం.

"చూశారా? ఏమీ లేదు! రాజమండ్రి ఫోన్ చేసి మా చెల్లెలికి అయిదు నిమిషాలు దగ్గకుండా మాట్లాడి వినిపించాను. నమ్మలేదనుకోండి, వీడియోకాల్ చేసింది."

"అన్నయ్య గారూ, మీరు దేవుడు" అన్నారు వసంత గారు.

"అంకుల్, యూ ఆర్ ఎ జీనియస్. ఆ ఎయిర్ ప్యూరిఫయర్ ఇప్పుడు మమ్మీ బెడ్ పక్కన టేబుల్‌లా పెట్టుకుంది" అంది శ్రావ్య.

నేను సిగ్గుపడుతున్నట్టు నటిస్తూ డబ్బా తెరిచాను. భాటియా సాబ్ పక్కబల్ల దగ్గర పేపరు మొహానికి అడ్డంపెట్టుకుని గుర్రు పెడుతున్నారు. భోజనం తర్వాత ఆయన ప్రపంచ వార్తలు అలాగే తెలుసుకునేవారు.

"ఇంకో సంగతండోయ్" అన్నారు భాస్కరరావు గారు తన గడ్డం నిమురుకుంటూ. నున్నగా ఉంది, ఒక్క పేపరు ముక్క లేదు. "ఆ గులాబీ మాత్రే కొళాయి కూడా విప్పినట్టుంది. అది ఆపాక గీరుకున్నా ఇట్టే ఆగిపోతోంది నెత్తురు. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు కొట్టారు." తర్వాత, పెద్ద సాబ్‌ని వదిలేస్తే మర్యాద కాదని, పేపరు వైపు తిరిగి తన రాజమండ్రి హిందీలో కూడా విన్నవించారు. "సాబ్, ఖాంసీ భీ గయా, ఖూన్ భీ బంద్!"

దగ్గు పోయింది, రక్తమూ ఆగింది. పేపరు కదల్లేదు.

నా చెయ్యి పూతరేకు దగ్గర ఆగిపోయింది. రామిప్రిల్‌కీ నెత్తురు ఆగకపోవడానికీ సంబంధం లేదు. నెత్తురు ఆగకపోవడం స్టెంటు మాత్ర చేసే పని. ఆ ఇబ్బంది పోయిందంటే మాత్ర పోయినట్టు.

"వసంత గారూ, మాత్రల డబ్బా తెచ్చారా?"

"నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది కదా" అని తీసి ఇచ్చారు. తెల్లది ఉంది. బుల్లిది ఉంది. రాత్రిది ఉంది.

"స్టెంటు మాత్ర ఏదీ?"

"ఇదిగో, తెల్లది."

స్ట్రిప్పు తిప్పి పేరు చదివాను. ఆ తెల్లది నేను కొత్తగా రాసిన టెల్మిసార్టన్.

"ఈసారి గులాబీ మాత్ర ఏమైనా ఇచ్చారా కిటికీ దగ్గర?"

వసంత గారి మొహం గర్వంతో వెలిగింది. "ఇచ్చారు అన్నయ్య గారూ! మీరు ఆపమన్నారా, అయినా ఆ కిటికీ ఆయన చూసుకోకుండా గులాబీవి మళ్ళీ ఇచ్చేశాడు. నేను ఊరుకుంటానా? ఒక్కటి కూడా ముట్టుకోనివ్వలేదు. అల్మారాలో పైన పెట్టేశాను."

జరిగింది ఇది. మా డిస్పెన్సరీకి ఒకే మందు ఒక్కోసారి ఒక్కో కంపెనీది వస్తుంది. మందు అదే, రంగు మారుతుంది. ఈసారి స్టెంటు మాత్ర గులాబీ రంగులో వచ్చింది. కొత్తగా రాసిన టెల్మిసార్టన్ తెల్లగా వచ్చింది. ఆవిడ పాత రంగుల లెక్కన తెల్లది స్టెంటుకి అనుకుని వేశారు, ఆపమన్న గులాబీది ఆపేశారు.

"మరి నేను బదులుగా రాసిన మాత్ర రాలేదని అనుమానం రాలేదా?"

"కిటికీ దగ్గర ఏదో ఒకటి లేకపోవడం మామూలేగా! 'అగలే హఫ్తే' అంటారు. వచ్చేవారం తీసుకుందామనుకున్నాను."

 కిటికీ మీద ఆవిడకున్న నమ్మకం పాతికేళ్ళ అనుభవంతో వచ్చింది, నాకున్నట్టే.

స్టెంటు వేసి నాలుగు నెలలు కూడా నిండలేదు. ఆ మాత్ర ఆగి కొన్ని వారాలైంది. దగ్గు తగ్గుతోందని ఇల్లంతా పండగ చేసుకున్న రోజులన్నిట్లోనూ ఆ స్టెంటు ఏ క్షణాన్నయినా మూసుకుపోయి ఉండేది. స్టెంటు వేసిన డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన మాట కటువుగా ఉంది. "ఆ మాత్ర ఒకేసారి పెద్ద మోతాదులో ఇప్పుడే అక్కడే ఇవ్వండి. ఈసీజీ తీసి, పడుకోబెట్టి నా దగ్గరికి పంపండి. నడిపించకండి."

భాస్కరరావు గారు మంచం మీద పడుకుని, ఛాతీ మీద తీగెలతో, పైకప్పు వైపు చూస్తూ అడిగారు. "అయితే డాక్టరు గారూ, మళ్ళీ నెత్తురు కారుతుందా?"

"కారాలి" అన్నాను. "కారకపోతే నాకు భయం."

"డాడీ, ప్లీజ్ జోక్స్ మత్ కరో" అంది శ్రావ్య.

 వసంత గారు ఆయన పాదం ఒకటి చేత్తో గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. అంబులెన్సు ఎక్కించేటప్పుడు కూడా వదల్లేదు, దాంతో స్ట్రెచరు ఒక పక్కకి తిరిగిపోయింది.

ఈసీజీ బాగానే ఉంది. రక్తపరీక్షలూ బాగానే ఉన్నాయి. ఒక రోజు ఉంచుకుని పంపించారు. ఇందులో మా గొప్ప ఏమీ లేదు. ఆస్పిరిన్ ఒక్కటే ఆ కొన్ని వారాలూ పని నెట్టుకొచ్చింది, అదృష్టం దానికి తోడుగా నిలబడింది. అదృష్టాన్ని డిస్పెన్సరీలో ఇండెంటు పెట్టి తెప్పించలేం.

మరుసటి వారం వసంత గారు ఒక్కరే వచ్చారు. కూర్చోలేదు.

"నా చేతులారా చంపుకునేదాన్ని కదా అన్నయ్య గారూ."

"మీరు నా మాట తు.చ. తప్పకుండా పాటించారమ్మా. గులాబీది ఆపమంటే గులాబీది ఆపారు. లోపం ఆ భాషది. అది మా అందరిదీ."

అప్పుడు కూర్చుని, కాసేపు ఏడ్చారు. ఆవిడకు టీ తెప్పించింది భాటియా సాబ్. ఇప్పుడు ఆవిడ స్టెంటు మాత్ర పేరును, "క్లోపిడోగ్రెల్" అని, అష్టోత్తరంలో నామం చదివినట్టు స్పష్టంగా, కళ్ళు మూసుకుని పలుకుతారు. భాస్కరరావు గారు పక్కనుంచి "నమః" అంటారు.

చేరబోయే పిల్లలకి

దుష్ప్రభావం గురించి చెప్పండి. చెబితే వస్తుందని భయపడి మానకండి. కానీ "దగ్గు రావచ్చు" అని చెప్పి ఊరుకోవడం సగం చెప్పడమే. వస్తే ఏం చెయ్యాలి, ఏది ఆపాలి, ఏది ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడదు, ఇవన్నీ కలిపితేనే ఒక వాక్యం అవుతుంది. మాత్ర స్ట్రిప్పు చేతిలోకి తీసుకుని, మీద ఉన్న పేరు రోగి చేత, రోగి ఇంట్లో మాత్రలిచ్చే మనిషి చేత, చదివించండి. రంగు ఎవరు పలికినా మళ్ళీ పేరు అడగండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఢిల్లీ గాలి చెడ్డదే, దాన్ని వెనకేసుకురాను. కానీ ఆ గాలి వల్ల మనకు ఒక సుఖం ఉంది. ఆలోచించక్కర్లేదు. కిటికీలోంచి చూస్తే చాలు. అందుకే దాని మీద నేరం మోపే ముందు, ఆ దగ్గు ఊరు దాటినా వెంట వచ్చిందా అని ఒక్కసారి అడగండి.

ఇంకొకటి, చాలా ముఖ్యమైనది. రోగి బాధ చెబితే మనం చెవులు రిక్కిస్తాం. ఆనందం చెబితే మూసేసుకుంటాం. "ఇదివరకున్న ఆ ఇబ్బంది ఇప్పుడు లేదండీ" అని నవ్వుతూ చెబితే, ఎందుకు లేదో అడగండి. కొన్ని మాత్రలు తాము పనిచేస్తున్నామని ఆ ఇబ్బంది ద్వారానే కబురు పంపుతాయి. కబురు ఆగిపోతే సంతోషించేవాడు రోగి. భయపడాల్సినవాడు డాక్టరు.

చివరిగా, నేను కల్పించింది

గేటు దగ్గర దగ్గు, బీరువా అంత యంత్రం, నోరు తెరిపించి నాలుక ఎత్తించడం, ఇవన్నీ పెంచినవి, కల్పించినవి కావు. వాటికి మా ఆవిడ లెక్క వర్తిస్తుంది. పూర్తిగా కల్పించింది ఒక్కచోటే.

భాస్కరరావు గారు నెత్తురు ఆగిందని చెప్పగానే నా చెయ్యి పూతరేకు దగ్గర ఆగిపోయిందని రాశాను. ఆగలేదు. "చాలా సంతోషమండీ" అన్నాను. నవ్వాను కూడా. వాళ్ళు దండం పెట్టి లేచారు, గుమ్మం దాకా వెళ్ళారు, శ్రావ్య తలుపు తెరిచింది.

భాటియా సాబ్ గుర్రు పెడుతున్నారనీ రాశాను. పెట్టట్లేదు. పేపరు నెమ్మదిగా కిందికి దిగింది. దాని వెనక పూర్తిగా మెలకువగా ఉన్న రెండు కళ్ళు భాస్కరరావు గారి గడ్డం మీద ఆగాయి.

"రుకియే," అన్నారాయన. "ఖూన్ క్యోఁ బంద్ హువా?"

ఆగండి, నెత్తురు ఎందుకు ఆగింది?

అప్పటికి నేను రెండో పూతరేకు తింటున్నాను.